ఛాతీ తెరవకుండానే గుండె కవాటానికి చికిత్స

(ప్రత్యేక వ్యాసం)

నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, బిందెడు నీళ్లు ఎత్తితే గుండెదడ, రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవలసి రావడం. ఈ లక్షణాలను రక్తహీనతగానో, సాధారణ బలహీనతగానో భావించి, బలానికి వాడే మందులతో ఏళ్ల తరబడి కాలం గడిపే యువతులు గ్రామీణ ప్రాంతాలలో నేటికీ వున్నారు. వారిలో కొందరికి అసలు వ్యాధి రక్తంలో లేదు. గుండెలోని ఒక కవాటం సన్నబడి, రక్తం ముందుకు పోయే దారి మూసుకుపోతూ వుండడమే అందుకు కారణం. ఒకప్పుడు ఈ వ్యాధికి ఛాతీ తెరచి చేసే శస్త్రచికిత్స తప్ప వేరు మార్గం లేదు. నేడు తగిన రోగులకు గజ్జలోని సిర ద్వారా సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపి, దాని కొననున్న బెలూన్‌తో కవాటాన్ని తెరుస్తున్నారు. ఛాతీపై కోత వుండదు. సాధారణంగా పూర్తి మత్తు అవసరం కాదు. ఏ చిక్కూ రాకపోతే రోగి ఒకటి రెండు రోజులలో ఇంటికి చేరవచ్చును.

కాథెటర్ చికిత్సలుగా పిలుస్తున్న ఈ పద్ధతులు గత నాలుగు దశాబ్దాలలో విశేషంగా అభివృద్ధి చెందాయి. అయితే ఇవన్నీ ఒకటి కావు, అందరికీ తగినవీ కావు. వ్యాధిని సకాలంలో గుర్తించడం, తగిన రోగిని ఎంపిక చేయడం, చికిత్స తరువాత ఏళ్ల తరబడి మందు కొనసాగించడం అనే మూడింటిపైనే వీటి ఫలితం ఆధారపడి వున్నది.

వ్యాధి మూలం బాల్యంలోని గొంతునొప్పి

గుండె ఎడమ భాగంలో పైగది అయిన కర్ణికకు, కింది గది అయిన జఠరికకు మధ్య రెండు రేకుల తలుపు వంటి కవాటం గలదు. దీనిని మైట్రల్ కవాటం లేదా ద్విపత్ర కవాటం అంటారు. ఊపిరితిత్తులలో శుద్ధి అయిన రక్తం ఈ ద్వారం గుండానే జఠరికలోకి దిగి, అక్కడి నుంచి శరీరమంతటికీ ప్రసరిస్తుంది. ఆరోగ్యవంతులైన పెద్దవారిలో ఈ ద్వారం వైశాల్యం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల వరకు వుంటుంది. అది 1.5 చదరపు సెంటీమీటర్లకు తగ్గినప్పుడు వ్యాధి తీవ్రమైనదిగా, 1 చదరపు సెంటీమీటరుకు తగ్గినప్పుడు అతి తీవ్రమైనదిగా వైద్యులు పరిగణిస్తారు.

ఈ ద్వారం సన్నబడడానికి ప్రధాన కారణం కీళ్లవాత జ్వరం. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల పిల్లలకు, ముఖ్యంగా 5 నుంచి 15 సంవత్సరాల వయస్సులో, గొంతునొప్పి వస్తుంది. దానికి సరియైన చికిత్స జరగని పక్షంలో, కొందరిలో ఆ సూక్ష్మజీవిపై పోరాడవలసిన శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత కీళ్లపైనా, గుండెపైనా దాడి చేస్తుంది. మోకాలు, చీలమండ, మోచేయి ఒకదాని తరువాత ఒకటి వాచి నొప్పి పెడతాయి. కీళ్లవాపు కొద్ది వారాలలో తగ్గిపోతుంది గాని గుండె కవాటానికి తగిలిన గాయం పూర్తిగా మానదు. గొంతునొప్పి మళ్లీ మళ్లీ వచ్చిన కొద్దీ ఆ గాయం పెరిగి, కవాటం రేకులు మందమై, వాటి అంచులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

పాశ్చాత్య దేశాలలో ఈ ప్రక్రియకు దశాబ్దాల కాలం పట్టగా, భారతదేశంలో ఇరవై ఏళ్లు నిండకముందే కవాటం మూసుకుపోయిన రోగులు ఎందరో కనిపించేవారు. ఈ వ్యత్యాసాన్ని ఢిల్లీ వైద్యులు 1963లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించిన పరిశోధన వ్యాసం ప్రపంచం దృష్టికి తెచ్చింది. ఆ వ్యాసకర్తలలో శ్రీకాకుళంలో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి ఒకరు. ఇరుకు ఇళ్లు, ఒకే గదిలో పలువురు నివసించడం, గొంతునొప్పికి సకాలంలో వైద్యం అందకపోవడం ఈ వ్యాధి వ్యాప్తికి దోహదం చేస్తాయి. అందువల్లనే దీనిని పేదల గుండెజబ్బుగా పేర్కొంటారు. కవాటం సన్నబడే వ్యాధి పురుషులలో కన్నా స్త్రీలలో ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కీళ్లవాత గుండెజబ్బుతో ప్రపంచవ్యాప్తంగా సుమారు 5.5 కోట్ల మంది బాధపడుతున్నారు. ఏటా దాదాపు 3.6 లక్షల మంది మరణిస్తున్నారు.

గుండెను చేరిన గొట్టం

బతికి వున్న మనిషి గుండెలోకి గొట్టాన్ని పంపడం ఒకప్పుడు ఊహకందని విషయం. 1929లో జర్మనీకి చెందిన యువ వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్ తన చేతి సిరలోకి తానే సన్నని గొట్టాన్ని చొప్పించుకొని, ఎక్స్‌రే గదికి నడిచివెళ్లి, దాని కొన గుండెను చేరినట్లు చిత్రం తీయించుకున్నారు. నాడు ఆయన విమర్శలకు గురయ్యారు. 1956లో ఆయనకు, మరి ఇద్దరు శాస్త్రవేత్తలకు కలిపి నోబెల్ బహుమతి లభించింది.

మొదట్లో ఈ గొట్టం పరీక్షలకు మాత్రమే ఉపయోగపడింది. గుండె గదులలో పీడనం ఎంత వున్నదో, రక్తంలో ప్రాణవాయువు ఎంత వున్నదో దాని ద్వారా తెలుసుకునేవారు. చికిత్స మాత్రం శస్త్రవైద్యుల చేతులలోనే వుండేది. 1948లో అమెరికాలో చార్లెస్ బెయిలీ, డ్వైట్ హార్కెన్ అనే శస్త్రవైద్యులు వేర్వేరుగా మైట్రల్ కవాటాన్ని తెరిచే శస్త్రచికిత్సను విజయవంతంగా నిర్వహించారు. ఆ తరువాత దశాబ్దాలలో భారతదేశంలోనూ వేలాది మందికి ఈ శస్త్రచికిత్స ప్రాణదానం చేసింది.

శస్త్రవైద్యుడు వేలితో చేస్తున్న పనిని గొట్టం చివరనున్న బెలూన్‌తో చేయవచ్చునని నిరూపించిన ఘనత జపాన్‌కు చెందిన డాక్టర్ కాంజీ ఇనొవేకు దక్కుతుంది. ఆయన 1982లో తొలిసారి ఈ చికిత్స చేసి, 1984లో ఫలితాలను ప్రకటించారు. మరుసటి సంవత్సరం అమెరికా వైద్యుడు జేమ్స్ లాక్, ఢిల్లీకి చెందిన హృద్రోగ నిపుణులతో కలిసి భారతదేశంలోని బాలలు, యువకులకు చేసిన బెలూన్ చికిత్స ఫలితాలను వెల్లడించారు. ఈ విధంగా ఈ పద్ధతి పుట్టిన తొలి సంవత్సరాలలోనే భారతదేశానికి దానితో సంబంధం ఏర్పడింది.

బెలూన్ పనిచేసే విధానం

చికిత్సకు ముందు గజ్జల వద్ద చర్మానికి మాత్రమే మత్తుమందు ఇస్తారు. అక్కడి సిరలోకి ప్రవేశపెట్టిన గొట్టం గుండె కుడి కర్ణికకు చేరుతుంది. వ్యాధి ఎడమవైపు వున్నందున, రెండు కర్ణికల మధ్యనున్న పలుచని గోడకు సన్నని సూదితో చిన్న రంధ్రం చేసి గొట్టాన్ని ఎడమ కర్ణికలోకి పంపుతారు. ఈ చికిత్స మొత్తంలో అత్యంత నేర్పు అవసరమైన ఘట్టం ఇదే. సూది దారి తప్పితే గుండె వెలుపలి గోడకుగాని, పక్కనున్న బృహద్ధమనికిగాని గాయం కావచ్చును.

ఆ తరువాత బెలూన్‌ను కవాటం గుండా కిందికి దించుతారు. ఇనొవే రూపొందించిన బెలూన్ ఒకేసారి అంతటా ఉబ్బదు. మొదట ముందు భాగం ఉబ్బుతుంది. దానిని వెనక్కు లాగి కవాటానికి ఆనిస్తారు. పిమ్మట వెనుక భాగం ఉబ్బి, బెలూన్ జారిపోకుండా కవాటాన్ని రెండు వైపుల నుంచీ పట్టుకుంటుంది. చివరిగా నడుము భాగం ఉబ్బి, అతుక్కుపోయిన రేకులను వాటి అతుకుల వెంబడి విడదీస్తుంది. బెలూన్ ఉబ్బి వుండేది కొన్ని సెకన్లు మాత్రమే. వెంటనే దానిని ఖాళీ చేస్తారు. రోగి ఎత్తును సెంటీమీటర్లలో కొలిచి, దానిని పదితో భాగించి, వచ్చిన సంఖ్యకు పది కలిపితే బెలూన్ వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది. 150 సెంటీమీటర్ల ఎత్తు గల స్త్రీకి ఈ లెక్కన 25 మిల్లీమీటర్ల బెలూన్ సరిపోతుంది. కొద్ది తక్కువ పరిమాణంతో ప్రారంభించి, ప్రతిసారీ ఎకో పరీక్షలో కవాటాన్ని పరిశీలిస్తూ అవసరమైతేనే పరిమాణం పెంచుతారు.

కవాటం తెరుచుకున్న మరుక్షణమే ఎడమ కర్ణికలో పీడనం తగ్గుతుంది. దానితోపాటు ఊపిరితిత్తులలో పేరుకుపోయిన రక్తం ఒత్తిడి కూడా తగ్గుతుంది. నెలల తరబడి దిండ్లు పేర్చుకొని కూర్చుని నిద్రించిన రోగి ఆ రాత్రే వెల్లకిలా పడుకోగలగడం ఈ చికిత్సలో వైద్యులకు పరిచయమైన అనుభవం.

హైదరాబాద్‌లో జరిగిన కీలక పరిశోధన

కొత్త పద్ధతి పాత శస్త్రచికిత్సతో సమానమా అనే ప్రశ్నకు సమాధానం లభించిన ప్రదేశాలలో హైదరాబాద్ ముఖ్యమైనది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ బి. సోమరాజు, అమెరికా వైద్యులతో కలిసి రోగులను రెండు సమూహాలుగా విభజించి అధ్యయనం చేశారు. ఏ రోగికి ఏ చికిత్స చేయాలన్నది వైద్యుని ఇష్టానికి విడిచిపెట్టకుండా, లాటరీ వంటి పద్ధతిలో నిర్ణయించడం వల్ల ఈ పోలికకు విశ్వసనీయత చేకూరింది. గుండెను తెరవకుండా చేసే పాత శస్త్రచికిత్సతో పోల్చిన ఫలితాలు 1991లో, గుండెను తెరచి చేసే శస్త్రచికిత్సతో పోల్చిన ఫలితాలు 1994లో అంతర్జాతీయ వైద్య పత్రికలలో ప్రచురితమయ్యాయి.

రెండవ అధ్యయనంలో 60 మంది రోగులు పాల్గొన్నారు. వారిలో 30 మందికి బెలూన్ చికిత్స, 30 మందికి శస్త్రచికిత్స జరిగింది. మూడు సంవత్సరాల తరువాత పరీక్షించగా బెలూన్ సమూహంలో కవాటం వైశాల్యం సగటున 2.4 చదరపు సెంటీమీటర్లు, శస్త్రచికిత్స సమూహంలో 1.8 చదరపు సెంటీమీటర్లు వున్నట్లు తేలింది. పనులు చేసుకోవడంలో ఏ ఇబ్బందీ లేనివారు బెలూన్ సమూహంలో 72 శాతం కాగా, శస్త్రచికిత్స సమూహంలో 57 శాతం. కవాటం స్థితి అనుకూలంగా వున్న రోగులకు బెలూన్‌నే మొదటి చికిత్సగా ఎంచుకోవచ్చునన్న నిర్ణయానికి ఈ ఫలితాలు బలమైన ఆధారమయ్యాయి. సంపన్న దేశాలలో అరుదైపోయిన వ్యాధికి సంబంధించిన ప్రశ్నను, ఆ వ్యాధి భారం మోస్తున్న ప్రాంతంలోనే పరిశోధించి సమాధానం రాబట్టడం ఇక్కడి విశేషం.

ఎవరికి తగును, ఎవరికి తగదు

ఛాతీ కోయకుండా చికిత్స అన్న మాట విన్న వెంటనే ప్రతి కవాట రోగికీ అది సాధ్యమని భావించడం పొరపాటు. ఎకో పరీక్షలో నాలుగు అంశాలను చూస్తారు. కవాటం రేకులు ఎంత కదులుతున్నాయి, ఎంత మందమయ్యాయి, వాటిలో సున్నం ఎంత పేరుకున్నది, రేకులను పట్టివుంచే తంతువులు ఎంత దెబ్బతిన్నాయి అన్నవే ఆ అంశాలు. ఒక్కొక్కదానికి 1 నుంచి 4 వరకు మార్కులు ఇస్తారు. మొత్తం 8 లేదా అంతకు తక్కువైతే బెలూన్ చికిత్సకు మంచి ఫలితం ఆశించవచ్చును. మార్కులు పెరిగిన కొద్దీ ఫలితం తగ్గుతుంది.

ఎడమ కర్ణికలో రక్తపు గడ్డ వున్నప్పుడు బెలూన్ చికిత్స చేయరాదు. గొట్టం తగిలి ఆ గడ్డ కదిలితే మెదడుకు చేరి పక్షవాతం రావచ్చును. ఈ కారణంగా అన్నవాహిక ద్వారా చేసే ప్రత్యేక ఎకో పరీక్షతో గడ్డ లేదని నిర్ధారించుకుంటారు. కవాటం సన్నబడడంతోపాటు రక్తం వెనుకకు కారడం కూడా ఎక్కువగా వున్నవారికి, సున్నం బాగా పేరుకున్నవారికి శస్త్రచికిత్సే శరణ్యం. చికిత్స సమయంలో రేకు చిరిగి రక్తం తీవ్రంగా వెనుకకు కారే ప్రమాదం నూటికి 2 నుంచి 10 మంది వరకు వుండవచ్చునని వైద్య మార్గదర్శకాలు పేర్కొంటున్నాయి. వీరిలో కొందరికి కవాటాన్ని మార్చవలసి వస్తుంది. గుండె శస్త్రచికిత్స సదుపాయం అందుబాటులో వున్న చోటనే ఈ చికిత్స చేయించుకోవాలని చెప్పడానికి కారణం ఇదే.

సకాలంలో బెలూన్ చికిత్స అందితే సొంత కవాటం నిలుస్తుంది. ఆలస్యమైతే కృత్రిమ కవాటం అమర్చవలసి రావచ్చును. లోహపు కవాటం అమర్చిన వ్యక్తి జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడాలి, మోతాదు సరిచూసుకోవడానికి తరచుగా రక్తపరీక్ష చేయించుకోవాలి. మాత్ర తగ్గితే కవాటంపై గడ్డ ఏర్పడుతుంది, ఎక్కువైతే రక్తస్రావం జరుగుతుంది. పిల్లలు కావాలనుకునే యువతికి ఇది మరింత చిక్కు సమస్య. ఆ మాత్రలు గర్భస్థ శిశువుకు హాని చేయగలవు, మానితే తల్లి ప్రాణానికి ముప్పు. పరీక్షా కేంద్రం దూరంగా వున్న గ్రామీణ మహిళకు సొంత కవాటం నిలవడం ఎంత మేలో దీనిని బట్టి గ్రహించవచ్చును.

గర్భిణుల విషయంలో ప్రత్యేక జాగ్రత్త

గర్భం దాల్చిన స్త్రీ శరీరంలో రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం వరకు పెరుగుతుంది. గుండె వేగం కూడా పెరుగుతుంది. సన్నబడిన కవాటం గుండా ఇంత రక్తం పోలేక ఊపిరితిత్తులలో నిలిచిపోతుంది. అప్పటివరకు ఏ ఇబ్బందీ లేకుండా తిరిగిన యువతికి అయిదవ, ఆరవ నెలలలో హఠాత్తుగా ఆయాసం రావడం, వ్యాధి వున్న సంగతి అప్పుడే మొదటిసారి బయటపడడం తరచుగా జరుగుతున్నది. ప్రసవ సమయంలోనూ, ప్రసవమైన వెంటనే కూడా ప్రమాదం ఎక్కువ.

మందులతో ఆయాసం అదుపులోకి రాని గర్భిణులకు బెలూన్ చికిత్స చేయవచ్చును. సాధారణంగా 20 వారాలు నిండిన తరువాత, కడుపుపై సీసపు కవచం వుంచి, ఎక్స్‌రే వాడకాన్ని వీలైనంత తగ్గించి నిర్వహిస్తారు. గుండెను ఆపి, యంత్రం సహాయంతో రక్తప్రసరణ సాగిస్తూ చేసే శస్త్రచికిత్సలో శిశువుకు ప్రమాదం ఎక్కువ కాబట్టి ఇక్కడ బెలూన్ ప్రయోజనం మరింత స్పష్టం. అయినప్పటికీ గర్భానికి ముందే వ్యాధిని గుర్తించి చికిత్స చేయడం అన్నివిధాలా ఉత్తమం. గర్భిణి ఆయాసపడుతున్నప్పుడు రక్తహీనత మాత్రలతో సరిపెట్టక, స్టెతస్కోపుతో గుండెను పరీక్షించి, అనుమానం కలిగితే ఎకో పరీక్షకు పంపడం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల స్థాయిలోనే జరగవలసిన పని.

వృద్ధులలో బృహద్ధమని కవాటం

జఠరిక నుంచి రక్తం బృహద్ధమనిలోకి వెళ్లే చోట మరొక కవాటం గలదు. వయస్సు మీరిన కొద్దీ కొందరిలో దీనిపై సున్నం పేరుకొని ద్వారం బిగుసుకుపోతుంది. ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, ఆయాసం ఇందుకు లక్షణాలు. ఫ్రాన్స్‌కు చెందిన డాక్టర్ అలేన్ క్రిబియే 1985లో ఈ కవాటాన్నీ బెలూన్‌తో తెరిచే ప్రయత్నం చేశారు. అతుక్కున్న మైట్రల్ రేకులు విడిపోయినట్లుగా సున్నం పట్టిన రేకులు విడిపోవు. కొద్ది నెలలలోనే ద్వారం మళ్లీ సన్నబడింది.

ఆ వైఫల్యం నుంచే కొత్త ఆలోచన వచ్చింది. పాత కవాటాన్ని తొలగించకుండా, దాని లోపలే మడిచిన కొత్త కవాటాన్ని విప్పి నిలపడమే ఆ ఆలోచన. డెన్మార్క్ వైద్యుడు హెన్నింగ్ రూడ్ ఆండర్సన్ 1989లో పందులపై దీనిని ప్రయోగించారు. 2000లో ఫిలిప్ బోన్‌హోఫర్ పారిస్‌లో ఒక బాలునికి పుపుస ధమని స్థానంలో ఇటువంటి కవాటాన్ని అమర్చారు. 2002 ఏప్రిల్ 16న క్రిబియే రూవాన్ నగరంలో, శస్త్రచికిత్సకు తట్టుకోలేని 57 ఏళ్ల రోగికి ప్రపంచంలోనే తొలిసారి బృహద్ధమని కవాటాన్ని గొట్టం ద్వారా అమర్చారు. పశువుల గుండెపొర నుంచి తయారుచేసిన రేకులను లోహపు జాలీలో కుట్టి, దానిని నొక్కి, తొడ ధమని గుండా పంపడం నేడు సాధారణంగా అనుసరిస్తున్న విధానం.

శస్త్రచికిత్సకు వీలుకాని రోగులపై జరిగిన అధ్యయన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. మందులు తదితర పాత పద్ధతులతో సరిపెట్టినవారిలో ఏడాదిలోగా 50.7 శాతం మంది మరణించగా, కొత్త కవాటం అమర్చినవారిలో మరణాలు 30.7 శాతం. 2019 నాటికి శస్త్రచికిత్స ప్రమాదం తక్కువగా వున్న రోగులలోనూ సంతృప్తికరమైన ఫలితాలు లభించాయి. గుజరాత్‌లోని వాపి కేంద్రంగా గల ఒక సంస్థ రూపొందించిన స్వదేశీ కవాటానికి 2018లో భారత్‌లో అనుమతి లభించింది.

ఈ చికిత్సకూ పరిమితులు వున్నాయి. కొందరికి చికిత్స తరువాత గుండె లయ దెబ్బతిని పేస్‌మేకర్ అమర్చవలసి వస్తుంది. పశువుల పొరతో చేసిన రేకులు కాలక్రమంలో అరిగిపోతాయి. ఖరీదు లక్షల రూపాయలలో వుంటుంది. 2020 నాటి అమెరికా మార్గదర్శకాలు 65 ఏళ్ల లోపువారికి శస్త్రచికిత్సను, 80 ఏళ్లు దాటినవారికి గొట్టం పద్ధతిని సూచించి, మధ్య వయస్సులవారి విషయంలో వైద్యుడు, రోగి కలిసి నిర్ణయించుకోవాలని పేర్కొన్నాయి.

ఒకే క్లిప్, రెండు ఫలితాలు

మైట్రల్ కవాటం సరిగా మూసుకోక రక్తం వెనుకకు కారే వ్యాధికి మరొక పద్ధతి వున్నది. రెండు రేకుల మధ్యభాగాన్ని చిన్న క్లిప్‌తో కలిపి పట్టివుంచుతారు. ఇటలీ శస్త్రవైద్యుడు ఒట్టావియో అల్ఫియేరి కుట్టుతో చేసిన పనికి ఇది కాథెటర్ రూపం. గుండె బలహీనపడి, ఆ కారణంగా కవాటం కారుతున్న రోగులపై జరిగిన రెండు అధ్యయనాలు 2018లోనే వెలువడ్డాయి. అమెరికా కేంద్రంగా 614 మందిపై జరిగిన అధ్యయనంలో రెండేళ్ల మరణాలు 46.1 శాతం నుంచి 29.1 శాతానికి తగ్గాయి. ఫ్రాన్స్‌లో 304 మందిపై జరిగిన అధ్యయనంలో అటువంటి ప్రయోజనం కనిపించలేదు. క్లిప్ ఒకటే, రోగుల ఎంపిక వేరు. గుండె పరిమాణం, కారుతున్న రక్తం పరిమాణం, చికిత్సకు ముందు వాడిన మందులు రెండు చోట్లా ఒకేలా లేవని నిపుణులు విశ్లేషించారు. పరికరం ఎంత గొప్పదైనా తగని రోగికి ఉపకరించదని ఈ అనుభవం తెలుపుతున్నది.

పుట్టుకతో వచ్చే కొన్ని గుండె లోపాలను కూడా గొట్టం ద్వారా సరిచేయవచ్చును. కర్ణికల మధ్య గోడకు గల రంధ్రాన్ని 1970 దశకంలో అమెరికాలో కింగ్, మిల్స్ అనే వైద్యులు తొలిసారి ఈ పద్ధతిలో మూశారు. నేడు వాడే పరికరం రెండు గుండ్రని జాలీ బిళ్లల వలె రంధ్రానికి ఇరువైపులా విచ్చుకొని నిలుస్తుంది. గోడ మధ్యభాగంలో వుండి, చుట్టూ తగినంత అంచు గల రంధ్రాలకే ఇది వర్తిస్తుంది. మిగిలినవాటికి శస్త్రచికిత్స తప్పదు.

చికిత్సలో సగం ఇంజక్షన్‌దే

బెలూన్ కవాటాన్ని తెరుస్తుంది గాని కీళ్లవాత జ్వరాన్ని ఆపదు. మళ్లీ గొంతునొప్పి, మళ్లీ జ్వరం వస్తే తెరిచిన కవాటమే తిరిగి దెబ్బతింటుంది. దీనిని నివారించేది బెంజథిన్ పెన్సిలిన్ ఇంజక్షన్. పెద్దవారికి 12 లక్షల యూనిట్లు, తక్కువ బరువున్న పిల్లలకు 6 లక్షల యూనిట్ల చొప్పున మూడు లేదా నాలుగు వారాలకు ఒకసారి ఇస్తారు. భారతదేశంలో 21 రోజుల కాలవ్యవధి వాడుకలో వున్నది. కవాటం దెబ్బతిన్నవారికి చివరి జ్వరం తరువాత కనీసం పదేళ్లు లేదా 40 ఏళ్ల వయస్సు వచ్చేవరకు, ఏది ఎక్కువైతే అది, ఈ ఇంజక్షన్ కొనసాగించాలని మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

ఆయాసం తగ్గిన రోగి ఆస్పత్రికి రావడం మానడం, ఇంజక్షన్ నొప్పికి భయపడడం, మందు వికటిస్తుందన్న శంకతో కొన్ని చోట్ల వైద్యులే ఇవ్వడానికి వెనుకాడడం ఈ చికిత్సకు ఎదురవుతున్న ఆటంకాలు. మందు వికటించడం చాలా అరుదు. అయినా, వికటించినప్పుడు వాడవలసిన మందులను సిద్ధంగా వుంచుకుని ఇంజక్షన్ ఇవ్వడమే సరియైన మార్గం. తక్కువ ధర గల ఈ మందుకు వివిధ దేశాలలో కొరత ఏర్పడిన సందర్భాలు కూడా వున్నాయి. 2018 మే నెలలో ప్రపంచ ఆరోగ్య మహాసభ కీళ్లవాత జ్వరం, గుండెజబ్బు నివారణపై ప్రత్యేక తీర్మానం ఆమోదించింది.

పథకాలు, బాధ్యతలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం గుండె చికిత్సలను పేద కుటుంబాలకు అందుబాటులోకి తెచ్చింది. జాతీయ స్థాయిలో 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ బీమా పథకం మొదలైంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షించే వ్యాధులలో పుట్టుకతో వచ్చే గుండె లోపాలు, కీళ్లవాత గుండెజబ్బు కూడా చేరి వున్నాయి. చికిత్స ఖర్చుకు పథకం వున్నప్పటికీ, రోగిని గుర్తించి ఆస్పత్రి గుమ్మం వరకు తీసుకురావడం క్షేత్రస్థాయి సిబ్బంది చేతులలోనే వున్నది.

పాఠశాలలలో కీళ్లవాపు, జ్వరం, ఆటలలో ఆయాసం గల పిల్లలను పరీక్షకు పంపడం, బెలూన్ చికిత్స పొందిన ప్రతి రోగి పేరు సమీప ఆరోగ్య కేంద్రం రిజిస్టరులో చేర్చడం, 21 రోజుల ఇంజక్షన్ తేదీ తప్పినవారిని ఆశా కార్యకర్తల ద్వారా పిలిపించడం, పెన్సిలిన్ నిల్వలు ముందుగా సరిచూసుకోవడం వంటి చర్యలకు పెద్ద వ్యయం అవసరం లేదు.

పత్రికలు కూడా ఈ విషయంలో కొంత జాగ్రత్త వహించవలసి వున్నది. కవాటాన్ని బెలూన్‌తో తెరవడం, కొత్త కవాటాన్ని అమర్చడం, క్లిప్ వేయడం, రంధ్రాన్ని మూయడం నాలుగూ వేర్వేరు చికిత్సలు. వీటిలో ఏదీ గుండెమార్పిడి కాదు. గుండె రక్తనాళాలలో స్టెంట్ వేయడం కూడా వీటికి భిన్నమైనది. కోత లేని అద్భుత చికిత్స అని మాత్రమే రాస్తే, తగని రోగులు శస్త్రచికిత్సను వాయిదా వేసుకునే ప్రమాదం వున్నది. ఏ కవాటానికి, ఏ వయస్సు రోగికి, ఏ స్థితిలో చికిత్స జరిగినదో తెలియజేసిన వార్త పాఠకునికి ఎక్కువ మేలు చేస్తుంది.

మూసుకుపోయిన కవాటాన్ని కొన్ని సెకన్లలో తెరిచే నైపుణ్యం దేశంలోనే లభిస్తున్నది. పాఠశాల వయస్సులో వచ్చిన గొంతునొప్పికి సకాలంలో మందు అందితే ఆ బెలూన్ అవసరమే రాదు. అప్పటికే వ్యాధి సోకినవారికి బెలూన్ తరువాత ప్రతి 21 రోజులకు ఒక ఇంజక్షన్ అందితే, ఆ తెరుచుకున్న కవాటం పది కాలాలపాటు నిలుస్తుంది.